చేతిలో పని ఉంది, సర్టిఫికెట్ ఏది?

పదో తరగతి తప్పిన కుర్రవాడు వారం తిరిగేసరికి మెకానిక్ షెడ్డులో కనిపించడం మన మొహల్లాలలో కొత్త కాదు. ఉస్తాద్ దగ్గర నాలుగేళ్లు పానాలు అందిస్తాడు. ఇంజను చప్పుడు విని లోపమెక్కడో చెప్పేంత పనివాడవుతాడు. కానీ పెద్ద సర్వీసు సెంటరుకు వెళ్తే మొదట అడిగేది సర్టిఫికెట్. గల్ఫ్‌కు వెళ్లినా కాగితం లేనివాడు తరచూ హెల్పరుగానే మిగిలిపోతాడు. పని తెలిసీ కూలి పెరగకపోవడం కంటే అన్యాయం ఏముంటుంది?

మనవారికి చేతిపని అంటే చిన్నచూపు లేదు. పనిచేసే ముస్లింలలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీదనే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న వృత్తులపై ఐటీఐలు దృష్టి పెట్టాలనీ, మదరసాలలో చదివిన పిల్లలకు కూడా ఆ శిక్షణ అందాలనీ సూచించింది. అంటే కొరత శ్రమలో లేదు, శిక్షణలోనూ గుర్తింపులోనూ ఉంది.

దారులు లేకపోలేదు. ఐటీఐలో వెల్డరు కోర్సు ఏడాది, ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారంలో పని నేర్చుకునేవారికి స్టైపెండు ఇవ్వాలి. జంట నగరాల నిరుద్యోగుల కోసం 1978లో సెట్విన్ ఏర్పడింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ఇదివరకే పని తెలిసినవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేశారు. షెడ్డులో నేర్చిన మన పిల్లవాడికి కావలసింది ఇదే కదా!

అయితే పేద తండ్రి అడిగే ప్రశ్నను తోసిపుచ్చలేము. "పిల్లవాడు రోజూ తెచ్చే కూలి ఆగిపోతే ఇల్లెట్లా గడుస్తుంది?" అంటాడాయన. ఫీజు మాఫీ ఒక్కటే ఆయనకు జవాబు కాదు. శిక్షణ కాలంలో నెల నెలా స్టైపెండు అందాలి. సాయంత్రం తరగతులు ఉండాలి. ఆడపిల్లలకు ఇంటికి దగ్గరలోనే కేంద్రం ఉండాలి. మూడు నెలలు కూర్చోబెట్టి ఫోటో తీసి పంపే శిక్షణ వల్ల లాభం లేదు. పని ఇచ్చే యజమానిని ముందే కలుపుకొని, ఆయనకు అవసరమైన పనిని నేర్పినప్పుడే అది బతుకుతెరువు అవుతుంది. ఎంతమంది చేరారన్నది లెక్క కాదు, ఏడాది తరువాత ఎంతమంది పనిలో ఉన్నారన్నదే లెక్క.

ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుదాం. మనం చేయగలిగింది కూడా ఉంది. ఐటీఐ దరఖాస్తుల గడువు చాలా ఇళ్లకు తెలియకుండానే దాటిపోతుంది. జుమా రోజున మసీదు వద్ద ఆ ప్రకటన అంటించడానికి ఖర్చేమీ లేదు. చదువుకున్న యువకులు ఇద్దరు కూర్చుని దరఖాస్తులు నింపిపెడితే చాలు. షెడ్డు నడిపే ఉస్తాద్‌లు తమ కుర్రవాళ్లను పరీక్షకు పంపడానికి ఒక్కరోజు సెలవు ఇస్తే ఇంకా మేలు.

పెళ్లి పందిళ్లకు అప్పు చేయడానికి వెనుకాడని మనం, కొడుకు చేతి పనికి గుర్తింపు తేవడానికి ఏడాది ఓపిక పట్టలేమా? తల్లిదండ్రులారా, ఆలోచించండి. ఈ రోజు తెచ్చే కూలి సాయంత్రానికి అయిపోతుంది. నేర్చిన పని, దానికో గుర్తింపు, వాడి పిల్లల దాకా అక్కరకొస్తాయి.