రెండో కాటా అడిగితే తనిఖీ మీటరు పెట్టాల్సిందే

బోధన్‌లో నిజాం షుగర్స్ నడిచిన రోజుల్లో చెరుకు రైతు భయమంతా కాటా దగ్గరే. ఏడాది కష్టం ఆ ఒక్క తూకం మీద తేలిపోతుంది కనుక, బండిని గేటు లోపలికి తోలేముందు బయటి ధర్మకాంటా మీద ఓసారి ఎక్కించి చూసుకుంటే తప్ప మనసు కుదుటపడేది కాదు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించాక ఆ గేటు మూతపడింది గానీ జిల్లా రైతుకు ఆ జాగ్రత్త పోలేదు. వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాకు కడ్తా (తరుగు) ఎంత తీస్తున్నారో సిరికొండ రైతు ఇవాళ్టికీ పక్కన నిలబడి చూసుకుంటాడు. అలా చూసుకునేవాణ్ని ఎవరూ తప్పుపట్టరు. అదే మనిషి ఇంటి కరెంటు మీటరు మీద రెండో తూకం అడిగితే మాత్రం ‘మీటరు అబద్ధం చెప్తదా’ అన్న మాట ఎదురవుతుంది.

ఈ మాటను మేము ఒప్పుకోం. ఇంట్లో పెట్టుకున్న ఎనర్జీ మానిటర్ ఒక లెక్క, గోడ మీది మీటరు ఇంకో లెక్క చూపిస్తున్నాయని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే విద్యుత్ సంస్థ వాదనకు దిగకుండా తనిఖీ మీటరు పెట్టాలి. ఇది మేము కొత్తగా కోరుతున్న వరం కాదు. 2020 డిసెంబరు 31న కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో సవరణ చేశారు. మీటరు రీడింగు తన వాడకానికి సరిపోవడం లేదని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే, అయిదు రోజుల్లోగా అదనపు మీటరు బిగించి కనీసం మూడు నెలల పాటు రెండింటినీ సరిచూడాలని ఆ సవరణ చెబుతోంది. సిరికొండ, గడ్కోల్, రావుట్ల గ్రామాల్లో ఈ హక్కు తమకుందని ఎంతమందికి చెప్పారు?

ఇంత పట్టుబట్టడానికి కారణం రెండు వందల గీత. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడబిడ్డకు అది పెద్ద ఆసరా. కానీ 201వ యూనిట్ పడిందంటే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తం 201 యూనిట్లకూ కట్టాలి. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆ పైదానికి రూ.7.70 చొప్పున ధర. లెక్క వేస్తే రూ.1,027.70. కస్టమర్ చార్జీలూ, స్థిర చార్జీలూ దాని మీద వేరే. పథకం లేని ఇంటికైనా దెబ్బే: సరిగ్గా 200 దగ్గర ఆగితే రూ.820తో పోయేది, ఒక్క యూనిట్‌తో రెండు వందలకు పైగా పెరుగుతుంది.

ఇప్పుడు మీటరు సంగతి చూద్దాం. ఇళ్లకు బిగించే మీటరు క్లాస్ 1 రకానిది అయి ఉండాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో పెట్టిన నియమం. క్లాస్ 1 అంటే మామూలు లోడు మీద అటూ ఇటూ ఒక శాతం తేడా రావచ్చని ప్రమాణమే ఒప్పుకున్నట్టు. 201 యూనిట్ల మీద ఒక శాతం రెండు యూనిట్లు. అంటే ఏ లోపమూ లేని, ప్రయోగశాలలో పాసైన మీటరు కూడా 199 యూనిట్లు వాడిన ఇంటిని 201కి ఎక్కించవచ్చు. కొలిచే సాధనానికి రెండు యూనిట్ల పొరపాటు మన్నిస్తూ, కొలిపించుకునే కుటుంబానికి ఒక్క యూనిట్ కూడా మన్నించకపోవడం అన్యాయం. 200 గీత దగ్గర మీటరు ప్రమాణం ఒప్పుకునే ఆ తేడా వినియోగదారుడి ఖాతాలో పడాలి తప్ప సంస్థ ఖాతాలో కాదు.

అలాగని ఇంటి మానిటర్ చెప్పిందే వేదమనీ మేము అనం. ఫేజు తీగ చుట్టూ ఉంగరంలా బిగించే సెన్సరు తీగలో పారే ఆంపియర్లను మాత్రమే పట్టుకుంటుంది. చవక రకాల్లో వోల్టేజి కొలత ఉండదు. 230 వోల్టులు వస్తున్నాయని తనే అనుకుని గుణించేస్తుంది. బోరు మోటార్లు నడిచే వేళ ఊరి చివరి ఇంటికి 210 వోల్టులే అందితే ఆ మానిటర్ తొమ్మిది శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. ఫ్రిజ్, నీళ్ల మోటారు లాంటి వాటికి పవర్ ఫ్యాక్టర్ లెక్క కూడా తీయాలి. అది తీయని మానిటర్ ఇంకా పైకి పోతుంది. సన్న లోడుల దగ్గర లెక్క తిరగబడుతుంది. వంద ఆంపియర్ల సెన్సరు సెట్‌టాప్ బాక్సునూ వైఫై పెట్టెనూ సరిగా పట్టుకోలేదు. రాత్రీ పగలూ 20 వాట్లు లాగే చిన్న సామాన్లు నెలకు 14 యూనిట్లకు పైగా తింటాయి. అవి మీటరులో పడతాయి, ఫోన్‌లోని మానిటర్ యాప్‌లో పడవు. ఇంటర్నెట్ పోయిన గంటల లెక్క కూడా కొన్ని మానిటర్లలో గల్లంతవుతుంది. అన్నిటికంటే మామూలు పొరపాటు తేదీలది. ఫోన్‌లో యాప్ ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా కూడుతుంది. బిల్లు రీడింగ్ తీసిన రోజు నుంచి రీడింగ్ తీసిన రోజు దాకా కూడుతుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచి యాప్‌లో ఇంటి వాడకం చూసి, ఇక్కడ నాయనతో ‘బిల్లు తప్పొచ్చింది’ అనేముందు బిల్లు మీది రెండు తేదీలూ అడిగి తెలుసుకోవాలి.

మానిటర్ కూడా లేనివాళ్లకు మీటరు మీదే ఒక సాధనం ఉంది. ఈ సంపాదకీయం రాసేముందు మా ఇంటి మీటరు దగ్గర నిలబడి చూశాం. ముందు పలకపై 3200 అని అచ్చయి ఉంది, అంటే ఒక యూనిట్‌కు 3,200 సార్లు ఆ చిన్న ఎర్ర దీపం మెరవాలి. ఇంట్లో అన్నీ ఆపేసి, బకెట్ నీళ్లలో వెయ్యి వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే వేశాం. వెయ్యి వాట్లకు నిమిషానికి 53 మెరుపులు రావాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కిస్తే పొద్దుగూకే వేళ 44 వచ్చాయి. మీటరు తక్కువ తిరుగుతోందా అనిపించింది మొదట. వోల్టేజి చూస్తే 210. వోల్టేజి అంతకు పడితే వెయ్యి వాట్ల రాడ్ లాగేది 833 వాట్లే, దానికి 44 మెరుపులే లెక్క. మీటరు సరిగానే ఉంది. ఈ అయిదు నిమిషాల పని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. జిల్లాలోని ప్రతి హైస్కూలులో సైన్సు మాస్టారు ఒకసారి చేయించి చూపిస్తే బాగుంటుంది.

అయితే ఆ దీపం ఇంకో నిజం కూడా చెబుతుంది. ప్లగ్గులన్నీ పీకేసి, స్విచ్చులన్నీ ఆపేసినా దీపం మెరుస్తూనే ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. మన మీటర్లు ఫేజు తీగలో పోయే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగివచ్చే కరెంటునూ రెండింటినీ చూస్తాయి, తేడా కనిపిస్తే ఎక్కువ ఉన్నదాని మీద యూనిట్లు కడతాయి. దొంగతనం పట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ మన ఊళ్లలో ఇళ్లెలా పంచుకుంటాం? అన్నదమ్ములు వేరుపడతారు, నడుమ గోడ లేస్తుంది, రెండో మీటరు వస్తుంది. వైరింగు మాత్రం పాతదే. తమ్ముడింటి న్యూట్రల్ అన్న ఇంటి పెట్టెలోనే కలిసి ఉంటుంది. తమ్ముడింట్లో కూలర్ తిరిగితే ఆ కరెంటు అన్న మీటరు న్యూట్రల్‌లోంచి వెనక్కి పోతుంది. అదే కూలర్‌కు తమ్ముడి మీటరులోనూ యూనిట్లు పడతాయి, అన్న మీటరులోనూ పడతాయి. అన్న తన ఫేజు తీగకు మానిటర్ బిగించుకున్నాడనుకోండి, అది తక్కువే చూపిస్తుంది, పైగా నిజమే చూపిస్తుంది. ‘మీ మానిటర్ చైనాది, వదిలెయ్యండి’ అని పంపేస్తే అన్నకు జరిగే నష్టం ఏళ్ల తరబడి సాగుతుంది. ఇలాంటిది వైరింగు చూసినవాడికే దొరుకుతుంది. కాబట్టి తనిఖీ మీటరు తెచ్చిన సిబ్బంది ఇంటి న్యూట్రల్ ఎటు పోతోందో కూడా చూసి, కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఎలక్ట్రానిక్ మీటరు తప్పు చేయదన్న నమ్మకానికి బయటి దేశంలోనూ దెబ్బ తగిలింది. 2017లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం పరిశోధకులు తొమ్మిది మీటర్లను ఎల్ఈడీ బల్బులు, డిమ్మర్లతో పరీక్షించారు. అయిదు మీటర్లు వాస్తవం కన్నా ఎక్కువ చూపించాయి. ఒక సందర్భంలో ఆ తేడా 582 శాతం. అది ప్రయోగశాలలో కల్పించిన తీవ్ర పరిస్థితి, మన ఊరి మీటరుకు దాన్ని అంటగట్టడం తగదు. కానీ అక్కడ మీటరును బల్ల మీద పెట్టి కొలిచి చూశారు.

మన దగ్గరా కొలిచి చూడాలనే చట్టం కోరుతోంది. 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ సరైన మీటరు ద్వారానే కరెంటు ఇవ్వాలంటోంది. ‘సరైన’ అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. మీటరు మీద ఫిర్యాదు వస్తే ముప్పై రోజుల్లో పరీక్షించాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ తేలకపోతే నిజామాబాద్‌లో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. కానీ రెండు యూనిట్ల తగాదా కోసం ఒక రోజు కూలి వదులుకుని, ధర్పల్లి మీదుగా బస్సెక్కి జిల్లా కేంద్రానికి ఎవరు పోతారు? మండల కేంద్రంలోనే తేలాల్సిన సంగతిని జిల్లా దాకా తోలడమంటే ఫిర్యాదును ఆపేయడమే.

సిబ్బంది కష్టం మాకు తెలియనిది కాదు. వానలో స్తంభమెక్కే లైన్‌మన్‌కు ఇదొక అదనపు పని. మోటారు పంపుసెట్లకు మీటర్లే లేని రాష్ట్రంలో, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వెళ్లిన కరెంటుకూ బిల్లు పడిన కరెంటుకూ పొంతన కుదర్చలేక ఇంజనీర్లు పడే అవస్థా తెలుసు. దానికి జవాబు ఎక్కువ కొలతలే. ఇంటింటి మానిటర్ల లెక్కలు పక్కన పెట్టుకుని చూస్తే ఏ లైనులో న్యూట్రల్ కలిసిపోయిందో, ఏ వీధిలో వోల్టేజి కుంగుతోందో సంస్థకే ముందుగా తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థను మేము అడుగుతున్నవి స్పష్టంగానే ఉన్నాయి. అయిదు రోజుల తనిఖీ మీటరు నిబంధనను సిరికొండ సహా ప్రతి మండల విద్యుత్ కార్యాలయం గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలి. ఫోన్ యాప్‌లోని లెక్కయినా, నోటుబుక్కులో రోజూ రాసుకున్న రీడింగులైనా ఫిర్యాదుకు ఆధారంగా తీసుకుని తేదీతో రసీదు ఇవ్వాలి. రెండు మీటర్లు పక్కపక్కన నడిచే ఆ మూడు నెలలూ గృహజ్యోతి ఇంటి జీరో బిల్లును రద్దు చేయకూడదు. ఏ మండలంలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తనిఖీ మీటర్లు బిగించారో, ఎన్ని తేడా చూపాయో ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. ఎండాకాలం కూలర్లు తిరిగి ఇళ్లు 200 గీత దగ్గరికి రాకముందే, ఫిబ్రవరి లోపు, తనిఖీ మీటర్లు మండల కార్యాలయాల అలమరాల్లో సిద్ధంగా ఉండాలి.