డీజిల్ మెకానిక్‌కు ఏడాది చదువు చాలదు

2020 ఏప్రిల్ 1న మన లారీలు బీఎస్-4 కాలుష్య ప్రమాణాల నుంచి, మధ్యలో 5 అన్న మెట్టు ఎక్కకుండానే, బీఎస్-6కు దూకాయి. ఎక్స్‌కవేటర్లు, లోడర్ల వంటి నిర్మాణ యంత్రాలకు కూడా 2025 జనవరి 1 నుంచి కొత్త కఠిన ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. వీటిని బాగుచేయాల్సిన మనిషిని మాత్రం మనం ఇప్పటికీ ఏడాదిలోనే తయారు చేయాలనుకుంటున్నాం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదే. ఆకురాయి పట్టడం దగ్గర్నుంచి ఇంజన్ విప్పి బిగించడం, సెన్సర్లు, కామన్ రైల్ దాకా అన్నీ ఆ పన్నెండు నెలల్లోనే ఇమడాలి. పాఠాల్లో కొత్త పేర్లు చేరాయి కానీ, వాటిని చేతికి అలవాటు చేసే సమయం పెరగలేదు. ఈ పనికి మూడేళ్ల శిక్షణ కావాలి. అందులో సగానికి పైగా జీతమిస్తూ మరమ్మతు షెడ్డులోనే సాగాలి. అక్కడ నేర్పే మేస్త్రీని ప్రభుత్వం గురువుగా గుర్తించాలి.

మూడేళ్లెందుకో ఇంజనే చెబుతుంది. పాత ఇంజన్లో డీజిల్ చిమ్మే నాజిల్ సుమారు 200 బార్ల ఒత్తిడికి తెరుచుకునేది. ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టాలంటే ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి చెవి పెట్టేవారు. ఏ పైపు వదులు చేసినప్పుడు శబ్దంలో మార్పు రాదో జబ్బు ఆ సిలిండర్‌దే. పుస్తకంతో పనిలేకుండా తరాలుగా చేతి నుంచి చేతికి అందిన అసలైన విద్య అది. కొత్త కామన్ రైల్ ఇంజన్లో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. అదే నట్టును అలాగే వదులు చేస్తే బయటికి చిమ్మే డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి కనిపించేది చిన్న చుక్క. లోపల కండ చచ్చిపోతుంది. వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలో, చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ముప్పై ఏళ్ల అనుభవం ఇచ్చిన మంచి అలవాటే ఈరోజు పాత మేస్త్రీకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఆ సంగతి ఆయనకు చెప్పడం కంపెనీ సర్వీస్ సెంటర్ పని కాదు. ఐటీఐకి ఆయన విద్యార్థి కాదు. మరి చెప్పేదెవరు?

స్కానర్ తగిలిస్తే తప్పేమిటో అదే చూపిస్తుంది కదా, ఇంత చదువెందుకు అనేవారున్నారు. స్కానర్ లక్షణం చెబుతుంది, కారణం చెప్పదు. బీఎస్-6 లారీల్లో డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. పొగ శుద్ధి సరిగా జరగడం లేదని కోడ్ వచ్చిందనుకుందాం. యూరియా కల్తీ కావచ్చు, చిమ్మే చోట గడ్డకట్టి ఉండవచ్చు, పొగ గొట్టం ఎక్కడో కారుతుండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, నిజంగానే సెన్సర్ పోయి ఉండవచ్చు. ఈ వరుసలో ఒక్కొక్కటీ పరీక్షించి కొట్టేయడం తెలియనివాడు నేరుగా సెన్సర్ మారుస్తాడు. ఖర్చు వేలల్లో అవుతుంది, కోడ్ మళ్లీ వస్తుంది. ఈలోగా కంప్యూటర్ ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది, లోడుతో ఉన్న బండి ఘాట్ ఎక్కలేదు. ఒకే లారీ మీద బతికే యజమానికి బండి ఆగిన రోజులకు కూడా వాయిదా కట్టక తప్పదు.

జర్మనీ 2003లో ఆటో మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ వృత్తులను ఒకటి చేసి మూడున్నరేళ్ల శిక్షణ పెట్టింది. వారంలో కొంతభాగం బడి, మిగతాది జీతంతో వర్క్‌షాపు. అది మనకు కొత్త ఊహ కాదు. 1961 నుంచీ మనకు అప్రెంటిస్ చట్టముంది, కేంద్రం స్టైపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా భరిస్తోంది కూడా. కానీ అప్రెంటిస్‌ను పెట్టుకోవాలంటే సంస్థలో కనీసం నలుగురు పనిచేస్తుండాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లతో నడిచే షెడ్డు ఆ లెక్కలోకే రాదు. లారీ పని అసలు నేర్పేది అలాంటి షెడ్లే. ఐటీఐలో సర్టిఫికెట్ ఉంటుంది, జబ్బుపడ్డ బండి ఉండదు. షెడ్డులో బండి ఉంటుంది, సర్టిఫికెట్ ఉండదు. పక్కపక్కనున్న పది, పదిహేను షెడ్లను కలిపి ఒకే శిక్షణ కేంద్రంగా చట్టం గుర్తిస్తే ఈ రెండూ కలుస్తాయి.

పేదింటి పిల్లవాడు మూడేళ్లు ఆగగలడా అన్నది బరువైన అభ్యంతరం. నిజానికి వాడు ఇప్పుడే అంతకంటే ఎక్కువ ఆగుతున్నాడు. హెల్పర్‌గా చేరి, టీలు మోసి, పానాలు అందిస్తూ, చేతికి ఇంజన్ దక్కేసరికి ఏళ్లు గడుస్తాయి. నేను అడుగుతున్నది ఆ ఏళ్లకు స్టైపెండూ, పాఠమూ, చివర ఒక పత్రమూ. విద్యుత్ లారీలు వస్తున్నాయిగా అంటే, రానివ్వండి. ఇప్పటి డీజిల్ బండ్లు ఇంకా చాలా ఏళ్లు రోడ్డు మీదే ఉంటాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బరువులు మోసే డంపర్లూ రేపటికి రేపు మాయం కావు. పైగా ఎయిర్ బ్రేకులు, హైడ్రాలిక్స్, వైరింగ్ చదవడం, కారణాన్ని వరుసగా వెతికే పద్ధతి విద్యుత్ బండికీ కావాలి. మొదలుపెట్టడానికి ఆటోనగర్‌లో ఒక ఉమ్మడి షెడ్డు, స్టాండు మీద ఒక బీఎస్-6 ఇంజన్, రెండు స్కానర్లు, సాయంత్రం మేస్త్రీలకూ ఉదయం కుర్రాళ్లకూ తెలుగులో పాఠం చాలు. మొదటి పాఠం నడుస్తున్న ఇంజన్ మీద ప్రెషర్ పైపు నట్టు ఎందుకు ముట్టుకోకూడదన్నదే కావాలి.