రోగికి ఓడ ప్రయాణం తగదా?

ఎండకు బీటలు వారిన నేల మీద పుట్టి పెరిగిన మా సీమవాసులకు నిండు జలాశయాన్ని కన్నులారా చూడడమే ఒక పండుగ. 1988లో మా అమ్మను వెంటబెట్టుకొని కుటుంబమంతా శ్రీశైలం వెళ్ళాము. మల్లికార్జునుని దర్శనం చక్కగా జరిగింది. పాతాళగంగకు దిగవలసి వచ్చేసరికి ఆమె మోకాళ్ళు సహకరించలేదు. క్రిందికి వందలాది మెట్లు. ఆమెను పైననే చెట్టునీడన కూర్చోబెట్టి, మేమంతా దిగి స్నానాలు చేసి, చెంబుతో కృష్ణ నీళ్ళు తెచ్చి ఆమె తలపై చల్లాము. ‘‘నీళ్ళు నా కాడికొచ్చినాయి గానీ, నేను నీళ్ళ కాడికి పోలేకపోతిని’’ అన్నది. మరుసటి ఏడు ఆమె గతించింది. తర్వాతి కాలంలో అక్కడ రోప్ వే వచ్చింది. ఆమెకు మాత్రం ఆలస్యమైంది.

ఇప్పుడు నాకు డెబ్బది యొక్క ఏండ్లు. పదునెనిమిది ఏండ్లుగా మధుమేహం, నాలుగేండ్లుగా ఎడమ మోకాలి నొప్పి. నిరుడు మా అబ్బాయి చెన్నై రేవు నుంచి మూడు రాత్రుల ఓడ విహారానికి ఏర్పాట్లు చేస్తూ, ‘‘నాయనా, ఈ వయసులో నీకెందుకీ తిప్పలు? నువ్వూ అమ్మా ఇంటిపట్టున ఉండండి’’ అన్నాడు. వాడి మాటలో ప్రేమే ఉన్నది. నేను వెంటనే, ‘‘నాకేమైందిరా? గుండ్రాయిలా ఉన్నాను’’ అని బదులిచ్చాను. ఆలోచించి చూస్తే ఆ రెండు మాటలూ తప్పే. రోగిని ఇంట్లో వదలి వెళ్ళడం ఒక తప్పు. రోగాన్ని దాచి బయలుదేరడం మరొక తప్పు. ఈ వ్యాసం ఆ రెండింటిని గూర్చియే.

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగు: జ్ఞాపకశక్తి, వైద్యుని ఆదేశాన్ని పాటించడం, భయం లేకపోవడం, తన వ్యాధిని గూర్చి స్పష్టంగా తెలియజేయగలగడం. చివరి రెండింటినీ గమనించండి. భయం లేకపోవడమంటే రోగాన్ని లెక్కచేయకపోవడం కాదు. దాని ప్రక్కనే ‘తెలియజేయడం’ కూడా ఉన్నది. ధైర్యముండి చెప్పనివాడు ప్రమాదంలో పడతాడు. చెప్పి కూడా భయపడేవాడు గడప దాటడు.

ఈ సత్యం నాకు శ్రీశైలంలోనే బోధపడింది. ఓడ ప్రయాణానికి ముందు నన్ను నేను పరీక్షించుకొనదలచి, పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు వెళ్ళే పడవ ఎక్కాను. ఉదయం యథాప్రకారం మధుమేహం మాత్ర వేసుకొన్నాను. పడవ ఆలస్యమైంది. తినడానికి వెంట ఏమీ తీసుకోలేదు. నా వ్యాధి సంగతి పడవవారికి గానీ, తోటివారికి గానీ చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, ఎదుటి కొండ రెండుగా కనిపించింది. ప్రక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా ముఖం చూసి, ‘‘అన్నా, నీకు చక్కెర రోగముందా?’’ అని అడిగి, తన మూటలోని బెల్లం ముక్క నోట్లో పెట్టింది. నా ప్రాణం నిలిపింది నేను దాచిన మాటే. దానిని ఆమె ఊహించగలిగింది గనుక సరిపోయింది. ఊహించలేకపోతే? తెలిసి తెలిసి చేసే తప్పును ఆయుర్వేదం ప్రజ్ఞాపరాధమన్నది. నాది అదే.

కాబట్టి ఓడ ప్రయాణం తలపెట్టిన రోగులకు, వికలాంగులకు నా అనుభవం నేర్పిన కొన్ని సంగతులు మనవి చేస్తున్నాను. ఇవి కేవలం ధనవంతుల ముచ్చట్లని తలపవద్దు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖపట్నం నుంచి చెన్నైకి యాత్రికులను తీసుకువెళ్ళింది. మన పిల్లలు మనలను పిలిచే రోజులు వచ్చినవి. పాతాళగంగ పడవకైనా, సముద్రపు ఓడకైనా జాగ్రత్తలు ఇంచుమించు ఒక్కటే.

మొదటిది, టికెట్టు కొనకముందే ప్రశ్నలు అడగవలెను. ఓడలో వైద్యుడున్నాడా? ఆయన సేవకు వేరే రుసుము ఎంత? చక్రాల కుర్చీ గది ద్వారంలో పట్టునా? సాధారణపు గదుల ద్వారాలు ఇరుకుగా ఉంటాయి. వెడల్పైన గదులు కొద్దిగానే ఉంటాయి గనుక ముందుగా కోరవలెను. కొన్ని రేవులలో ఓడ ఒడ్డుకు చేరదు, చిన్న పడవలలోకి దిగవలసి ఉంటుంది. నడవలేనివారికి అక్కడ దిగడం సాధ్యమా? మూత్రపిండాల రోగులు డయాలసిస్ సదుపాయం ఓడలో ఉంటుందని అనుకోరాదు. భీమా తీసుకొనేటప్పుడు పాత వ్యాధిని దాచితే ఆ భీమా అక్కరకు రాదు.

రెండవది, మందులు చేతి సంచిలోనే ఉండవలెను. రేవులో పెద్ద పెట్టెలను ముందే తీసుకొని, చాలాసేపటికి గాని గదికి చేర్చరు. ప్రయాణ దినాలకంటె నాలుగు రోజులకు ఎక్కువగా మందులు, వైద్యుని చీటీ, వ్యాధుల జాబితా వెంట ఉండవలెను. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మన కర్నూలు, కడపలలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేవు చేరేవరకు తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టిపాత్రలో ఉంచితే చల్లగా ఉంటుంది. మంచుగడ్డకు మాత్రం తగలనీయరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

మూడవది, మధుమేహులు జేబులో చక్కెర గానీ బెల్లం గానీ ఉంచుకొనవలెను. వణుకు, చెమట, ఆకలి కలిగితే మూడు చెంచాల చక్కెర తిని, పదిహేను నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్ళీ తినవలెను. స్పృహ తప్పినవాని నోట్లో ఏదీ పోయరాదు. కాళ్ళలో స్పర్శ తగ్గినవారు ఎండకు కాలిన ఓడపై గాని, గుడి బండలపై గాని వట్టి కాళ్ళతో నడవరాదు. పుండు పడేవరకు తెలియదు.

నాలుగవది కడుపు త్రిప్పుట. ఓడ నడుమ భాగంలో, క్రింది అంతస్తులో కుదుపు తక్కువ. దూరపు దిగంతాన్ని చూస్తూ కూర్చుంటే ఉపశమనం కలుగుతుంది. బయలుదేరడానికి అరగంట ముందు అరచెంచా శొంఠిపొడి గోరువెచ్చని నీటిలో కలిపి త్రాగితే కొందరికి మేలు చేస్తుంది. అయితే రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు వైద్యుని అడగక శొంఠిని అధికంగా సేవింపరాదు. వాంతి మాత్రలు మగతను తెస్తాయి. నీటికాసులు, ప్రోస్టేటు బాధలు ఉన్నవారు వైద్యుని అడిగియే వేసుకొనవలెను. చిట్కా వైద్యం ప్రయాణానికి తోడే గాని, రోజువారీ మందుకు బదులు కాదు.

అయిదవది, చెప్పడానికి సిగ్గుపడేది. మరుగుదొడ్డి ఉండదేమోనని మన ఆడవారు, పెద్దవారు ప్రయాణంలో నీళ్ళే త్రాగరు. మలమూత్రాది పదమూడు వేగాలను బలవంతంగా ఆపరాదని చరకుడు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే చెప్పినాడు. మన ఎండలలో నీరు మానితే మూత్రంలో మంట, రాళ్ళు కోరి తెచ్చుకొన్నట్లే.

2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆరోగ్యవంతుడైనా, రోగియైనా లైఫ్ జాకెట్ కట్టుకొననిదే పడవ కదలనీయరాదు. ఈత రానివారు, కాలు చేయి సరిగా లేనివారు ముందుగా కట్టుకొనవలెను.

ఇక ప్రభుత్వానికీ, యాత్రాస్థలాల పెద్దలకూ ఒక మాట. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రయాణ సాధనాలూ, బహిరంగ స్థలాలూ అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతున్నది. పెద్ద కట్టడాలు కట్టేలోపల చిన్న పని చేయవచ్చు. ప్రతి పడవరేవులోనూ మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి ఉన్నదా, దగ్గరి వైద్యుడు ఎంత దూరం అనే మూడు వాక్యాలు పెద్ద అక్షరాలతో బోర్డుపై వ్రాయించండి. ఆ మూడు తెలిస్తే రోగి తన నిర్ణయం తానే చేసుకొంటాడు.

నేను ఆ ఓడ ప్రయాణం చేశాను. వ్యాధుల జాబితా ఓడ వైద్యునికి మొదటి రోజే ఇచ్చాను. ఒక మజిలీలో ఊరు చూడడానికి చాలా దూరం నడవవలసి ఉన్నది. ‘‘మీరు పోయి రండి, నేను ఇక్కడే కూర్చుంటాను’’ అని పిల్లలతో నేనే చెప్పాను. నా చుట్టూ కనుచూపు మేర నీరే. మా అమ్మ కూడా ఆనాడు కూర్చునే ఉన్నది. అయితే ఆమెను మేము కూర్చోబెట్టాము. నేను నా ఇష్టంతో కూర్చున్నాను. ఆ భేదం ఎంతటిదో మీ ఇంటి పెద్దలను విడిచి యాత్రకు బయలుదేరేముందు ఒక్కసారి ఆలోచించండి. వారికేది సాధ్యమో మీరు నిర్ణయించకండి, వారినే అడగండి. పెద్దలారా, అడిగినప్పుడు మీరు కూడా ఉన్నది ఉన్నట్లు చెప్పండి.