అర్థం వాక్యంలోనే ఉంది

"తెలుగు బైబిలులో ఇలా ఉంది గానీ, గ్రీకులో దీని అసలు అర్థం వేరు." నల్లగొండ, పాలమూరు ప్రాంతాల సంఘాల్లో, కన్వెన్షన్ వేదికల మీద, సెల్‌ఫోన్లలో వినే ప్రసంగాల్లో ఈ మాట ఇప్పుడు సర్వసాధారణమైంది. ప్రతి పదం వెనుకా ఒక రహస్యార్థం ఉందనీ, అది తెలిసినవారికే లేఖనం పూర్తిగా తెరుచుకుంటుందనీ విశ్వాసులు నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. భాష నడిచే తీరుకు ఇది విరుద్ధం, సంఘానికి హాని కూడా.

ఎక్కువగా వినిపించే ఉదాహరణనే తీసుకుందాం. 'అగాపే' అంటే దేవుని నిస్వార్థ ప్రేమ, 'ఫిలియో' అంటే స్నేహితుల మధ్య ఉండే ప్రేమ అంటారు. క్రీస్తుకు పూర్వమే యూదులు తమ హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి అనువదించుకున్నారు. దాన్నే సెప్టువజింట్ అంటారు. అందులో 2 సమూయేలు 13వ అధ్యాయం చూడండి. తామారును చెరిచిన అమ్నోను మోహానికి వాడినది ఈ 'అగాపే' మాటే. 2 తిమోతి 4:10లో దేమా లోకాన్ని ప్రేమించి పౌలును విడిచిపోయాడు. అక్కడ ఆ మాటకే క్రియారూపమైన 'అగపావో' ఉంది. లూకా 11:43లో పరిసయ్యులు అగ్రపీఠాలను ప్రేమించారు, అక్కడా అదే. యోహాను 3:35లో తండ్రి కుమారుణ్ని ప్రేమిస్తున్నాడనడానికి 'అగపావో' వాడిన సువార్తికుడే 5:20లో అదే సంగతికి 'ఫిలియో' వాడాడు. రెండు అధ్యాయాలు దాటేసరికి తండ్రి ప్రేమ స్థాయి తగ్గిపోయిందా? దేవుని ప్రేమ ఎంత గొప్పదో సిలువ వృత్తాంతం చెబుతుంది. ఒక గ్రీకు పదం ఒంటరిగా ఆ సంగతి చెప్పలేదు.

'లోగోస్' రాసి ఉన్న వాక్యమనీ, 'రేమా' దేవుడు ఇప్పుడు మనతో నేరుగా పలికే మాట అనీ మరో బోధ. 1 పేతురు మొదటి అధ్యాయం 23వ వచనంలో 'లోగోస్', 25లో 'రేమా' ఉన్నాయి. రెండూ ఒకే దేవుని వాక్కు గురించి, ఒకే వాదంలో వచ్చినవి. 'డునామిస్' అంటే డైనమైట్ వంటి శక్తి అనేది ఇంకొకటి. ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ తీసుకున్నది 1867లో. పౌలు పత్రికలు మొదటి శతాబ్దానివి. ఆయన ఎరగని మందుగుండును ఆయన మాటలో పెట్టడం వ్యాఖ్యానం కాదు, కల్పన.

ధాతువును పట్టుకుని అర్థం తేల్చడం మన భాషలోనే చెల్లదు. సంస్కృతంలో 'అభ్యంతరం' అంటే లోపలి భాగం. తెలుగులో "నాకు అభ్యంతరం లేదు" అన్నవాడి మాటకు "నాకు లోపలి భాగం లేదు" అని ఎవరైనా అర్థం చెబుతారా? గ్రీకుకైనా హీబ్రూకైనా ఇదే న్యాయం. మాట పుట్టుక వేరు, వాడుక వేరు. జేమ్స్ బార్ అనే బైబిలు పండితుడు 1961లోనే ఒక గ్రంథమంతా ఈ పొరపాటును ఎండగట్టాడు. మన వేదికలకు ఆ హెచ్చరిక ఇంకా చేరలేదు.

అయితే మూలభాషలు చదవనక్కర లేదా? తప్పక చదవాలి. మన తెలుగు బైబిలులో 136వ కీర్తనలోనూ, ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలోనూ 'కృప' అనే మాటే కనిపిస్తుంది. మొదటిచోట హీబ్రూలో 'హెసెద్', రెండోచోట గ్రీకులో 'ఖారిస్' ఉన్నాయి. ఈ తేడా తెలియడం మేలే. కానీ హెసెద్ అంటే ఏమిటో నిఘంటువులోని ఒక్క ముక్క చెప్పదు. అత్తను విడవని రూతు కథ మొత్తం చదివితే తెలుస్తుంది. ఆ కథ తెలుగులో ఉంది. మూలభాషా జ్ఞానం నిజమైనదైతే మనల్ని మళ్లీ ఆ కథ దగ్గరికే పంపుతుంది, కథను మన చేతుల్లోంచి లాక్కోదు.

ఇంకో సంగతి మరువరాదు. పాలస్తీనాలో యేసు మాట్లాడినది ప్రధానంగా అరమాయిక్ అని పండితులు చెబుతారు. సువార్తలు ఆయన బోధను మనకు గ్రీకులో అందించాయి. అపొస్తలులు పాత నిబంధనను ఉదహరించినప్పుడు చాలాచోట్ల సెప్టువజింట్ అనువాదాన్నే వాడారు. అనువాదం దేవుని మాటను మోయలేదనుకుంటే కొత్త నిబంధనకే నిలువ నీడ ఉండదు.

మన నేలమీద ఈ వాదానికి మరింత బరువుంది. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ నల్లగొండలో మిషన్ మొదలుపెట్టాడు. తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల వంటి చోట్ల మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖవారి మిషన్ కేంద్రాలు వెలిశాయి. అక్కడ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడలవారు. తరతరాలుగా అక్షరానికీ పవిత్ర గ్రంథానికీ దూరంగా ఉంచబడినవారు. వారి చేతికి తెలుగు బైబిలు వచ్చింది. బైబిలు స్త్రీలు ఊరూరా తిరిగి దాన్ని చదివి వినిపించారు. మధ్యవర్తి లేకుండా గ్రంథం చదివే హక్కు వారికి దక్కింది. ఇప్పుడు "నీ తెలుగులో అసలు అర్థం లేదు" అని వారి మనుమరాళ్లతో చెప్పడమంటే ఆ హక్కును వెనక్కి తీసుకోవడమే. గ్రంథానికి కొత్త కాపలాదారులను పెట్టడమే.

అందుకే విశ్వాసులను కోరేది ఒకటే. ప్రసంగీకుడు గ్రీకు మాట ఎత్తినప్పుడు తల ఊపి ఊరుకోకండి. "అయ్యగారూ, ఈ మాట బైబిలులో ఇంకెక్కడెక్కడ వచ్చింది? అక్కడ కూడా ఇదే అర్థం సరిపోతుందా?" అని అడగండి. నిజంగా చదువుకున్న బోధకుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, వచనాలు తెరిచి చూపిస్తాడు. చూపించలేకపోతే ఆ అర్థం గ్రీకుది కాదు, ఆయన సొంతం. దాన్ని దేవుని మాటగా ఒప్పుకోవలసిన బాధ్యత ఎవరికీ లేదు.