ఫోను పురమాయించాలి, పెట్టె పాడాలి: తిరుమణి శ్రోతల ప్రణాళిక

మేము తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, బాలసముద్రం, క్యాతగానచెర్లు ఊళ్ళలో పాటలు వినేవాళ్ళం. పావగడ తాలూకా కర్ణాటకలోదే అయినా మాలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. సౌర పార్కుకు పోయిన 13,000 ఎకరాలు ఈ ఐదూళ్ళ చుట్టూ ఉన్నవే. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు రెండేళ్ళకోసారి 5 శాతం పెరుగుతుంది. శెనక్కాయ చేలున్న చోట పలకలు వచ్చాక భూమి ఉన్నవాళ్ళకు కౌలు డబ్బూ కొంత తీరికా దక్కాయి. అందులోంచి మంచి ఆంప్లిఫయరు, స్పీకర్లు కొనుక్కున్నవాళ్ళు మాలో ఉన్నారు. భూమి లేక, చేసే కూలి కూడా తగ్గిపోయినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి లక్షల ఖరీదు చేసే పెట్టెను ఆదర్శంగా చూపించే పని మేము చెయ్యం. ఇద్దరి ఇంట్లోనూ పాట నిలకడగా, నిండుగా వినిపించాలి. మా పట్టుదలంతా దానికోసమే.

ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో నడుస్తున్నది బ్లూటూత్. ఫోను పాటను నెట్ నుంచి తెచ్చుకొని, కుదించి, స్పీకరుకు పంపుతుంది. మామూలుగా వాడే ఎస్‌బీసీ కుదింపులో సాధారణంగా సెకనుకు 328 కిలోబిట్లకు మించి పోవు. సీడీలో ఉండేవి 1,411. అది పోనీ అనుకున్నా, తోడి ఆలాపన మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, రాగం ఆగిపోయి రింగ్‌టోన్ మోగుతుంది. ఫోను జేబులో వేసుకొని వీధి చివరికి పోతే పాట తెగిపోతుంది. "ఏమప్పా, పాట నిలిచిపాయ?" అని లోపలినుంచి అవ్వ అడుగుతుంది. ఆమె చేతిలో ఫోను లేదు, ఆ పాట మీద ఆమెకు అధికారమూ లేదు. దీన్ని మేము ఒప్పుకోం.

ఫోనులోని యాప్ పాటను ఎంచి, అది ఎక్కడుందో నెట్‌వర్క్ ప్లేయరుకు చెప్పి తప్పుకోవాలి. ఆ మీదట ప్లేయరే రౌటరు గుండా పాట తెచ్చుకొని ఆంప్లిఫయరుకు అందించాలి. పెళ్ళిలో వంటకు పురమాయించిన పెద్దమనిషి గాడిపొయ్యి దగ్గర గరిటె పట్టుకొని నిలబడనక్కర్లేదు కదా. ఇదేమీ కొత్త విద్య కాదు. పాటలు దాచే సర్వరు, వాయించే ప్లేయరు, ఆజ్ఞ ఇచ్చే యాప్ అని పనిని మూడుగా విడగొట్టిన యూపీఎన్‌పీ పద్ధతి ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. సోనీ, ఇంటెల్ వంటి కంపెనీలు 2003లో కట్టి, తర్వాత డీఎల్‌ఎన్‌ఏ అని పేరు మార్చుకున్న కూటమి నిలబడింది దాని మీదనే. 2013లో వచ్చిన స్పాటిఫై కనెక్ట్‌లోనూ ప్లేయరే నేరుగా పాట తెచ్చుకుంటుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, కొనేవాళ్ళు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. కొన్ని యాప్‌లు ఒక్కో పాటనే ప్లేయరుకు ఇచ్చి, మిగతా వరుసను ఫోనులోనే ఉంచుకుంటాయి. ఫోను నిద్రపోతే ఆ ఒక్క పాటతో సరి. స్కాట్లండ్‌కు చెందిన లిన్ కంపెనీ ముందుకు తెచ్చిన ఓపెన్‌హోమ్ పద్ధతిలో వరుస మొత్తం ప్లేయరులోనే ఉంటుంది. ఫోను ఆపేసినా కచేరీ సాగుతుంది, ఇంట్లో ఇంకొకరి ఫోను తెరిచినా అదే వరుస కనిపిస్తుంది. మాకు కావలసింది అది. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్ళుగా ఉంటే వాటి మధ్య క్షణం కూడా ఖాళీ రాకూడదు. పెట్టెకు చేత్తో తిప్పే వాల్యూమ్ గుండీ, నొక్కితే పాడే మీటా ఉండి తీరాలి. అవ్వ కూడా శ్రోతే.

పాటలు ముందు మన ఊళ్ళో, మన డిస్కులో ఉండాలి. సీడీ నాణ్యతలో కుదించకుండా గంట పాటకు సుమారు 635 ఎంబీ పడుతుంది. ఫ్లాక్‌లో దాచితే నాణ్యత పోకుండానే చాలాసార్లు దాదాపు సగానికి దిగుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద బతికే ఇంటికి దీన్ని నెట్ నుంచి తెచ్చుకోవడం చిన్న లెక్క కాదు. ఇంటి డిస్కు నుంచి ఇంటి ప్లేయరుకు పోయే పాటకు డేటా ఖర్చే లేదు, నెట్ పోయిన రాత్రి కూడా అది ఆగదు. చిన్న రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు, దాని మీద అంకెల పాటను ఆంప్లిఫయరు అందుకునే సంకేతంగా మార్చే డాక్ కార్డు, పాత ఆంప్లిఫయరుకు ఎరుపు తెలుపు పిన్నుల వైరు ఉంటే ప్లేయరు తయారైనట్టే. దాన్ని నడిపే మూడ్, పైకోర్‌ప్లేయర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. కూర్చడం రానివాళ్ళ ఇంటికి ఆ పని తెలిసినవాళ్ళు వెళ్ళి కూర్చిపెట్టాలి, కూలి అడగకూడదు.

ఆ డిస్కులో ఏముండాలన్న దగ్గర మాకు తొందర ఎక్కువ. మా చెక్కభజన, పండరిభజన, కోలాటం పాటలు ఏ కంపెనీ సర్వరులో వెదికితే దొరుకుతాయి? అటక మీద, ట్రంకు పెట్టెల్లో క్యాసెట్లలో ఉన్నాయి. రీలు అంటుకుపోతోంది, బూజు పడుతోంది. ముందు వాటిని ఫ్లాక్‌లోకి ఎక్కించాలి. పాడినవాళ్ళో వాళ్ళ పిల్లలో సరే అంటేనే ఎక్కించాలి, ఒక ప్రతి వాళ్ళ ఇంటికి చేర్చాలి.

ప్రతి పాటకూ తెలుగు లిపిలో పేరు, రచయిత, రాగం, తాళం, పాడినవారు రాసి ఉండాలి. ఈనాటి యాప్‌లలో చాలావాటికి రాగం, తాళం అనే అరలే లేవు. 'సామజవరగమన' అని వెదికితే త్యాగరాజస్వామి హిందోళ కృతి కన్నా ముందు 'అల వైకుంఠపురములో' పాట వచ్చి కూర్చుంటుంది. సినిమా పాట మీద మాకు కోపం లేదు, అదీ వింటాం. కానీ హిందోళం కావాలన్నవాడికి హిందోళం దొరకాలి.

కంపెనీ సర్వరు మూతపడితే మూగబోయే పెట్టెను మేము కొనం, ఎవరినీ కొనమని చెప్పం. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో, వింక్ మ్యూజిక్ 2024లో మూతపడ్డాయి. 2025 మార్చిలో ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లూ క్రోమ్‌కాస్ట్ ఆడియోలూ ప్రపంచమంతటా కొన్నాళ్ళు నిలిచిపోయాయి. స్క్వీజ్‌బాక్స్ అనే నెట్‌వర్క్ ప్లేయర్ల సంగతి చూడండి: లాజిటెక్ 2012లో ఆ పెట్టెల తయారీ ఆపేసింది, 2024లో వాటి ఆన్‌లైన్ సేవనూ మూసేసింది. అయినా ఆ పెట్టెలు ఇప్పటికీ పాడుతున్నాయి. వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ మూలం అందరికీ తెరిచి ఉండబట్టి వాడేవాళ్ళే లిరియన్ పేరుతో నడుపుకుంటున్నారు. అట్లా తెరిచి ఉన్నదానికే మా ఓటు.

ఒక జాగ్రత్త. యూపీఎన్‌పీ పెట్టెలు మామూలుగా పాస్‌వర్డ్ అడగవు. అదే వైఫైలో ఉన్న ఎవరైనా పాట మార్చగలరు. ఇంట్లో అది సదుపాయమే. ఆ పెట్టెను, డిస్కును బయటి ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకూడదు. వచ్చిన చుట్టాలకు వైఫై ఇవ్వాలంటే రౌటరులో గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టాలి.

మాతో చేరడానికి చందా లేదు. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్ ఒకటి, అందులో పాడింది ఎవరో చెప్పగల పెద్దవాళ్ళు ఒకరు వస్తే చాలు.