కళ్లు తెరిచిన క్షణం

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఉదయం మేము ఆరాధనకు బయలుదేరుతుండగా, చిరకాల సహోద్యోగి ఒకరి సతీమణి మా క్వార్టరుకు వచ్చారు. కుమార్తె వివాహానికని భవిష్యనిధి నుండి తీసిన సొమ్ములో అధికభాగం సెల్‌ఫోనులో ఆడిన పేకాటలో హరించుకుపోయిందని ఆమె చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆయన మద్యం ముట్టరు. ఇరవై ఏళ్లకు పైబడిన సర్వీసులో ఒక్క మెమో ఎరుగరు. సాయంత్రం వెళ్లి కలిస్తే తల వంచుకుని ఒకే మాట అన్నారు: "కాలక్షేపానికని మొదలుపెట్టాను. ఎప్పుడనుకుంటే అప్పుడు మానగలననుకున్నాను."

ఆ మాట వినగానే మాకు అలిపియస్ జ్ఞాపకం వచ్చాడు.

నాలుగవ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో జన్మించిన అగస్టీన్ మహాశయుడు తన 'కన్ఫెషన్స్' గ్రంథంలో ఈ మిత్రుని ఉదంతం వివరించాడు. న్యాయశాస్త్రం అభ్యసించడానికి రోమ్ నగరం చేరిన అలిపియస్‌కు కత్తియోధుల క్రూరక్రీడలంటే అసహ్యం. ఒకనాడు సహాధ్యాయులు అతణ్ణి బలవంతంగా క్రీడారంగానికి లాక్కెళ్లారు. తన శరీరాన్ని అక్కడ కూర్చోబెట్టగలరే గాని, తన కళ్లనూ మనసునూ అటు తిప్పలేరని అతడు ధైర్యంగా పలికి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెవులు మాత్రం మూసుకోలేదు. పోరులో ఒకడు పడిపోగానే జనం పెట్టిన పెనుకేకకు కుతూహలం ఆపుకోలేక కళ్లు తెరిచాడు. నేలకొరిగిన యోధుని దేహానికి తగిలిన గాయం కంటే ఆ క్షణంలో అలిపియస్ ఆత్మకు తగిలిన గాయమే తీవ్రమైనదని అగస్టీన్ భావించాడు. ఆ తరువాత అలిపియస్ మళ్లీ మళ్లీ వెళ్లాడు. తనను లాక్కెళ్లినవారి కంటే ముందే వెళ్లాడు. ఇతరులనూ వెంటబెట్టుకుని వెళ్లాడు.

అతని లోపం క్రూరత్వం కాదు; తన బలంపై తనకు గల అతివిశ్వాసం. చెడు సుఖం ద్వారం తట్టేటప్పుడు మనలోని దుర్మార్గుణ్ణి పిలవదు. 'నాకేమీ కాదు' అనుకునే మంచివాణ్ణే పిలుస్తుంది.

అదే గ్రంథంలో అగస్టీన్ తల్లి మోనికా బాల్యం కూడా ఉంది. పీపా నుండి ద్రాక్షారసం తెమ్మని పెద్దలు పంపినప్పుడు ఆమె పెదవుల అంచుతో చుక్క రుచి చూసేదట. తాగాలన్న కోరిక కాదు, చిన్నతనపు చిలిపితనం. రోజురోజుకు ఆ చుక్కకు మరో చుక్క తోడై, చివరకు దాదాపు నిండుగిన్నెలే తాగసాగింది. ఒకనాడు వెంట వెళ్లే పనిపిల్ల కోపంలో 'తాగుబోతు' అని నిందించింది. ఆ ఒక్క మాట ములుకులా గుచ్చుకుని మోనికా ఆ అలవాటును విడిచిపెట్టింది.

వృత్తిరీత్యా ఇంజనీర్లమైన మాకు ఈ 'చుక్కకు చుక్క' అర్థం కావడం కష్టం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై పరీక్షలు జరిపి ఒక సత్యం నిరూపించాడు. ఒక్కసారి మోపితే ఇరుసు సునాయాసంగా భరించే భారమే, లక్షలసార్లు పునరావృతమైతే దానిని విరిచివేయగలదు. ఉపరితలంపై చిన్న గీత దగ్గర పగులు పుడుతుంది. పైకి మెరుస్తూనే లోలోపల విస్తరిస్తుంది. విరిగేది ఒక్క క్షణంలోనే. ఆ విరుగుడుకు సన్నాహం ఏళ్ల తరబడి సాగుతుంది. కనుకనే విరగకముందే అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తాము.

క్రైస్తవ విశ్వాసం సుఖానికి శత్రువని కొందరి అపోహ. కానా ఊరి పెండ్లిలో నీటిని ద్రాక్షారసంగా మార్చిన ప్రభువు సంతోషానికి శత్రువెలా అవుతాడు? అయితే ఏశావు కథ కూడా మనకున్నది. ఆకలిగొని వచ్చిన వేళ ఒక పూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వపు హక్కును అమ్ముకున్నాడు. వంటకం చెడ్డది కాదు. చెల్లించిన వెల చెడ్డది. ఏ సుఖమైనా భార్యాబిడ్డల అన్నాన్ని, నిద్రను, మాట నిజాయితీని వెలగా అడిగితే అది హాని చేసే సుఖమే. మనం పరీక్షించుకోవలసింది ఆ వెలనే.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని చట్టం క్రీడారంగం తలుపు మూయగలదు. కళ్లు మూయవలసినవారము మనమే. మెలకువగా ఉండి ప్రార్థించమని గెత్సేమనే తోటలో ప్రభువు శిష్యులను హెచ్చరించినది ఇందుకే. వారూ 'మాకేమీ కాదు' అనుకున్నవారే.

ఇక మేము చెప్పవలసినది ఒకటి మిగిలింది. ఆ సహోద్యోగికి పేకముక్కలు పట్టడం నేర్పినది మేమే. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, సెకండ్ షిఫ్టు ముగిశాక, బ్యాచిలర్స్ హాస్టల్లో రూపాయి పందెంతో ఆడేవారము. తాను ఆడనని దూరంగా కూర్చున్న ఆయనను చేయి పట్టి పిలిచినది కూడా మేమే. మేము మానగలిగినది సంకల్పబలంతో కాదు. బదిలీ ఉత్తర్వు వచ్చినందువల్ల. ఆమె మా గుమ్మంలో నిలబడి సహాయం అడిగినప్పుడు ఈ సంగతి ఆమెకు తెలియదు. ఆ సాయంత్రం ఇద్దరి ఎదుట చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "అన్నయ్యగారూ, ఇప్పుడేం చేద్దామో చెప్పండి" అన్నారు.

వివాహం నిరాడంబరంగా జరిగింది. అప్పు ఇంకా తీరుతోంది. జీతం వచ్చిన రోజున ఆయన బ్యాంకు పుస్తకం ఆమె చేతికిస్తారు. ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. వారమెలా గడిచిందని మేము అడుగుతాము, ఆయనా మమ్మల్ని అడుగుతారు.

పగిలిన ఇరుసు తనంతట తాను అతుక్కోదు. లోహానికి పశ్చాత్తాపం లేదు. మనిషికి ఉన్నది. అలిపియస్ తదనంతరం 387లో మిలాన్ నగరంలో అగస్టీన్‌తో పాటే బాప్తిస్మం పొందాడు. ఆపైన తన స్వస్థలమైన తగస్తేకు బిషప్పు అయ్యాడు.

పాఠక సోదరసోదరీమణులారా, మీ పక్క క్వార్టరులో ఎవరైనా కళ్లు తెరిచే క్షణంలో ఉన్నారేమో గమనించండి. వారిని పిలిచిన చేయి మనదే అయితే, వెనుకకు తీసుకురావలసిన చేయి కూడా మనదే.