సొమ్మొకరిది, సోకొకరిది

కిందటి టపాలో నేను పనిచేసిన బడి మైదానాన్ని గురించి నాలుగు మాటలు వ్రాస్తే, ఒక మిత్రులు వ్యాఖ్యలో నన్ను సున్నితంగా మందలించారు. "మాస్టారూ, మీరు బడి గోడ దాటి చూడరు. పెద్ద స్టేడియం ఒకటి వస్తే హోటళ్ళు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి, పన్నులు వస్తాయి. ప్రభుత్వం పెట్టిన రూపాయి పది రూపాయలై తిరిగివస్తుంది" అన్నారు. వారి సదుద్దేశాన్ని నేను శంకించను. అయితే వ్యాఖ్యకు వ్యాఖ్యతో బదులిస్తే చాలదనిపించి ఈ టపా వ్రాస్తున్నాను. నిడివి పెరిగితే మన్నించగలరు.

మొదట ఒక ఒప్పుకోలు. ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. 2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. మరుసటి ఏడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. ఆ ఊపులో గచ్చిబౌలి స్టేడియాన్ని కీర్తిస్తూ అయిదు సీసపద్యాలల్లి బడి వార్షికోత్సవంలో రాగయుక్తంగా చదివాను. చప్పట్లు బాగానే మ్రోగాయి. ఆనాడు నా వెనుక ఉన్న మైదానానికి ప్రహరీ లేదు. నేను పదవీ విరమణ చేసిననాటికీ లేదు. చేతివ్రాత బాగుంటుందని అర్జీలన్నీ నాచేతనే వ్రాయించేవారు. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: నిధులు లేవు. మా డ్రిల్లు మాస్టారు తన జీతంలోంచి వాలీబాలు కొనేవారు. మైదానంలో ఒక మూల ఏడాదికి కొంత చొప్పున పక్కవారి పశువుల కొట్టంలో కలిసిపోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలమూ, ప్రహరీయో కంచెయో ఉండి తీరాలని వ్రాసి ఉంది. అర్జీలో ఆ సంగతి ఉటంకించాను కూడా.

ఇక అసలు వాదానికి వస్తాను. పిల్లలకు సంధులు చెప్పేటప్పుడు ఆగమానికీ ఆదేశానికీ భేదాన్ని పెద్దలు చెప్పిన పద్ధతిలోనే చెప్పేవాణ్ణి. ఆగమం మిత్రుని వంటిది. ఉన్న అక్షరాన్ని కదపకుండా పక్కన వచ్చి కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వంటిది. ఉన్నదాన్ని లేవగొట్టి ఆ చోట తాను కూర్చుంటుంది. స్టేడియం తెచ్చే రాబడి ఆగమమని మిత్రుల నమ్మకం. అది చాలావరకు ఆదేశమే. ఒక సంసారి నెలకు వినోదానికి రెండువేలు పక్కన పెట్టుకున్నాడనుకుందాం. ఆ డబ్బుతో క్రికెట్ మ్యాచి చూస్తే ఆ నెల సినిమా మానుకుంటాడు. స్టేడియం ఎదుటి హోటలు కిటకిటలాడిన రాత్రి ఊళ్ళో మరో హోటలులో బల్లలు ఖాళీగా ఉంటాయి. ఊరికి కొత్తగా చేరిన సొమ్ము స్వల్పం. పొరుగూళ్ళవారు ఆటకోసమే వచ్చి ఖర్చు చేస్తే అది నిజమైన ఆగమమే, కాదనను. కాని టికెట్టు డబ్బులో పెద్ద వాటా జట్టు యజమానులకూ ఆటగాళ్ళకూ పోతుంది. వారు ఆ సొమ్మును ఈ ఊళ్ళోనే ఖర్చు పెట్టాలన్న నియమమేదీ లేదు. పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ గేట్లకు తాళమే.

ఇది తెలుగు పండితుని ఊహ మాత్రమే అయితే నేను మౌనం వహించేవాణ్ణి. రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ అనే ఆర్థికవేత్తలు 1997లోనే ఈ విషయమై ఒక గ్రంథాన్ని సంపాదకత్వం వహించి వెలువరించి, అమెరికా స్టేడియాలు స్థానికాభివృద్ధికి తోడ్పడిన జాడ లేదని తేల్చారు. తరువాత బ్రాడ్‌బరీ, కోట్స్, హంఫ్రీస్ అనేవారు మూడు దశాబ్దాల పరిశోధనలను సమీక్షించి ఆ మాటనే బలపరిచారు. వేర్వేరు రాజకీయాభిప్రాయాలున్న ఆర్థికవేత్తలు ఇంతగా ఏకీభవించే విషయాలు అరుదు.

మన బ్లాగరులలో సియాటిల్ వాసులున్నారు. కింగ్‌డోమ్ కథ వారికి తెలిసే ఉంటుంది. 1968లో ఓటర్లు 4 కోట్ల డాలర్ల బాండ్లకు సమ్మతించారు. 1976లో స్టేడియం తెరుచుకుంది. 1994లో లోకప్పు పలకలు ఊడిపడ్డాయి. మరమ్మతుకు మరికొన్ని కోట్లు పోశారు. ఇంతలో జట్లు కొత్త స్టేడియాలు కావాలన్నాయి. 1995లో బేస్‌బాల్ స్టేడియం పన్నును కౌంటీ ఓటర్లు స్వల్ప తేడాతో కాదంటే, నెల తిరగకుండా రాష్ట్ర శాసనసభ భోజనశాలల మీదా అద్దె కార్ల మీదా వేరే పన్నులు వేసి ఆ పని కానిచ్చింది. 2000 మార్చి 26న కింగ్‌డోమ్‌ను మందుపాతరలతో కూల్చివేశారు. దాని తాలూకు అప్పు మాత్రం 2015 దాకా తీరలేదు. ధూళిలో కలిసిన కట్టడానికి జనం పదిహేనేళ్ళపాటు పన్ను కట్టారన్నమాట! ఇరవై నాలుగేళ్ళు నిలిచిన స్టేడియమది. మా ఊరి చెరువుగట్టు అంతకంటె ఎక్కువకాలం నిలిచింది.

అయినా అక్కడివారు ఒక విధంగా నయం. సబ్సిడీ బాండ్ల రూపంలో వస్తుంది గనుక పద్దు కనబడుతుంది. ఓటు అడిగే మర్యాద అయినా ఉంది. మన దగ్గర అది భూమి రూపంలో వస్తుంది. భూమి ఇస్తే ఖజానాలోంచి రూపాయి పోలేదంటారు. ఎంత నేర్పైన మాట!

2003 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రీడా అకాడమీల పేరిట ఐఎంజి భారత అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ సంస్థ పుట్టి అప్పటికి కొద్ది రోజులే. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు, ఎకరా యాభైవేల లెక్కన! కంచ గచ్చిబౌలి 400 ఎకరాల ఖరీదు 2 కోట్లయింది. 2006లో తరువాతి ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. వ్యాజ్యం నడిచీ నడిచీ 2024 మార్చిలో హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. మే నెలలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆ 400 ఎకరాల కోసమే 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయ విద్యార్థులు పోరాడారు. చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళపాటు ఆ నేల మీద క్రీడ జరిగిందంటే న్యాయస్థానంలో జరిగిందే.

"అయితే ప్రభుత్వం క్రీడలకు ఏమీ ఇవ్వకూడదా?" అని మిత్రులు అడగవచ్చు. ఇవ్వాలి. అదే 2003లో అదే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీకి ప్రభుత్వం 5 ఎకరాలు లీజుకిచ్చింది. ఒక దాత విరాళమూ, గోపీచంద్ తాకట్టు పెట్టిన ఇల్లూ తోడై అది నిలబడింది. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం అక్కడి సాధన ఫలాలే. కనుక నా కోపం సబ్సిడీ మీద కాదు, లెక్క చెప్పని సబ్సిడీ మీద. ఆ అయిదెకరాలకు ఏమి ఫలితం వచ్చిందో లోకమంతా చూసింది. 850 ఎకరాల ఫలితాన్ని ఎవరు చూపగలరు?

నేను కోరేవి మూడు. స్టేడియానికి భూమి ఇచ్చిన రోజున దాని బజారు ధరను బడ్జెట్టు పద్దులో వ్రాయండి. పెట్టుబడి ప్రజలదైతే గేటు రాబడిలో ప్రజల వాటా ఎంతో ఒప్పందంలోనే తేల్చండి. ఆ సొమ్ముతో ఎన్ని బడి మైదానాలకు కంచె పడుతుందో పక్క గడిలో వ్రాయండి. అటుపైన కూడా "మాకు స్టేడియమే ముద్దు" అని జనం అంటే సరే. ఆనందాన్ని కొనుక్కోవడం తప్పు కాదు. ధర తెలిసి కొనుక్కోవాలి, అంతే.

ఆ అయిదు సీసపద్యాలలో ఛందోదోషం లేదు. భావదోషం ఉంది గనుక వాటిని ఉపసంహరించుకుంటున్నాను. రూపాయి పదయిందని చూపే పద్దు ఏ మిత్రుని వద్దనైనా ఉంటే వ్యాఖ్యలో పెట్టండి. నేర్చుకోవడానికి నాకింకా వయసు మించిపోలేదు.